గీత దగ్గరి చోటు

శేషగిరి వారమంతా జర్మనీలోని వాల్డార్ఫ్‌లో సాఫ్ట్‌వేర్ తప్పులు వెతుకుతాడు. శనివారం మాత్రం హైడెల్‌బర్గ్ రగ్బీ లీగ్ మైదానంలో, మూల జెండా పక్కన కమ్మీ పట్టుకుని నిలబడతాడు. బంతిని గీత దాటించి నేలకు తాకించి 'ట్రై' కొట్టే చోటుకి అంతకంటే దగ్గర ఇంకెక్కడా లేదు. యాభై దాటిన పొట్టి మనిషి. క్లబ్బు మఫ్లర్‌ని చెవుల మీదుగా చుట్టి గడ్డం కింద ముడి వేస్తాడు. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన, మైదానం అంచున ఆడే వింగర్ నిక్లాస్ అంటే అతనికి ప్రాణం. కానీ నిక్లాస్ బంతి అందుకుని అంచు వెంట పరుగు తీయగానే శేషగిరి గిరుక్కున వెనక్కి తిరిగి, పార్కింగ్‌లో సైకిళ్ల వైపు చూస్తాడు. ఆరేళ్ల కిందట మొదటి ఆటలో, అతను చూస్తుండగా నిక్లాస్ రెండుసార్లు బంతి జారవిడిచాడు. శేషగిరి బూటు లేసు కట్టుకోవడానికి వంగినప్పుడు నిక్లాస్ ట్రై కొట్టాడు. ఆ రోజు నుంచీ ఇదే వరస.

మొన్న శనివారం నిక్లాస్ డెబ్భై మూడో ట్రైతో క్లబ్బు పాత రికార్డు దాటేశాడు. జనం అరుపుకి కమ్మీ వణికింది. శేషగిరి సైకిళ్ల వైపే చూస్తూ రెండు చేతులూ పైకెత్తి గెంతాడు. తర్వాత మఫ్లర్ కొసతో కళ్లు తుడుచుకున్నాడు. భార్య ఊర్మిళ ఫోన్ అతని ముందు పెట్టింది.

"వీడియో తీశానండి. రికార్డు కూడా అయిపోయిందిగా, ఇప్పుడైనా చూడండి."

అతను ఫోన్‌ని అరచేత్తో మూసేశాడు.

"వచ్చే శనివారం మళ్లీ మ్యాచ్ ఉందే. దాచి ఉంచు. వాడు ఆట మానేశాక చూస్తాను."