గాలి లేని రోజు

రైలు చప్పుడు వినగానే ఈనక్ హాస్లం చేతిలోని దీపాన్నీ మసిగుడ్డనూ బల్ల మీద పెట్టేస్తాడు. కుడిచెయ్యి పైకెత్తి నిలబడతాడు. చివరి పెట్టె దాటాకే చెయ్యి దించుతాడు. బ్రాక్స్‌బీ స్టేషను దీపాల గదికి వెళ్ళిన వాళ్ళెవరూ ఎందుకని అడగరు. మా ఊళ్ళో సగం మంది పట్టాల మీద బతికేవాళ్ళే.

పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్లకు అదొక నియమం. దూరంగా నిలబడ్డ కాపలా మనిషి బూర ఊదగానే పనిముట్లు తీసుకుని పట్టాల పక్కకు తప్పుకోవాలి, చెయ్యెత్తాలి. విన్నానని దానర్థం. అన్ని చేతులూ లేచేదాకా అతను ఊదుతూనే ఉండాలి. ఆ రోజుల్లో ఊదేవాడు ఈనక్. అతని చెల్లెలు టాబిథా మొగుడు జేబెజ్ క్రాంక్‌షాదీ అదే గ్యాంగు.

సరుకుల షెడ్డు వెనక బంతి తన్నుకుంటూ తన్నుకుంటూ ఆ గ్యాంగు వాళ్ళొక ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకున్నారు. పాత పచ్చజెండాల గుడ్డతో టాబిథా చొక్కాలు కుట్టింది. గోలు కాసేది జేబెజ్. పొడుగు మనిషి, చేతులు తలుపు రెక్కల్లా ఉండేవి.

ఒక ఏడాది కప్పు పోటీలో నూలుమిల్లు వాళ్ళతో ఆట. చెరో గోలూ కొట్టి ఉన్నారు, ఆట ముగియవస్తోంది. మైదానం కంచె అవతలే రైలు పట్టాలు. అక్కడ పని చేస్తున్న వేరే గ్యాంగు కోసం ఎవరో బూర ఊదారు. జేబెజ్ గోలు వదిలి పక్కకు జరిగి, చెయ్యెత్తి నిలబడ్డాడు. బంతి మెల్లగా దొర్లుకుంటూ లోపలికి పోయింది.

ఊరు అతణ్ణి వదల్లేదు. "ఏం జేబెజూ, బండికి దారిచ్చావా, బంతికా?" అని మార్కెట్లో ఆడవాళ్ళు కూడా అడిగేవారు. పిల్లలు కాగితం చుట్టి అతని వెనక ఊదేవారు. జేబెజ్ బీరు దుకాణానికి రావడం మానేశాడు.

"ఇంట్లో నోరు విప్పట్లేదు అన్నయ్యా. నువ్వైనా కాస్త నవ్వించు," అంది టాబిథా.

ఈనక్ అతణ్ణి దుకాణానికి లాక్కెళ్ళాడు. బీరు ముందు పెట్టి, కోటులోంచి పని బూర తీసి చెవి పక్కనే ఊదాడు. జేబెజ్ దిగ్గున లేచి చెయ్యెత్తాడు. దుకాణమంతా అటు తిరిగింది. అప్పుడు జేబెజే మొదలుపెట్టాడు, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వడం.

"చంపేశావురా బామ్మర్దీ! ఇంక నీ బూరకి లేస్తే చూడు."

"లేవకపోతే మా చెల్లి నిన్ను బతకనిస్తుందా బావా?"

ఇంటికి పాడుకుంటూ వచ్చాడని టాబిథా మురిసిపోయింది.

నవంబరులో ఒక పొద్దున చెయ్యి చాపితే వేళ్ళు కనబడనంత పొగమంచు. పగిలిన పట్టా మార్చక తప్పదన్నాడు మేస్త్రీ. బండి చప్పుడు అందగానే ఈనక్ ఊదాడు. ఎవరి చేతులూ కనబడలేదు. ఊదాడు, అరిచాడు, మళ్ళీ ఊదాడు. బండి అతణ్ణి దాటిపోయింది. జేబెజ్ తప్ప అందరూ పక్కకు తప్పుకున్నారు.

సమాధి దగ్గర, ఆ పొద్దున జేబెజ్ పక్కన పని చేసిన అమోస్‌ను ఈనక్ పట్టుకున్నాడు.

"వాడికి వినబడిందా?"

అమోస్ చేతిలో టోపీ తిప్పుతూ నిలబడ్డాడు. "గాలి ఎదురు కొట్టిందిరా. వినబడి ఉండదు."

"నీకు వినబడింది కదా."

"నేనూ... అటు తిరిగి ఉన్నా."

"నవ్వాడా, అమోస్?"

"గాలిరా ఈనక్. గాలే."

గాలి ఉంటే పొగమంచు నిలవదు. పట్టాల మీద పని చేసే ప్రతివాడికీ అది తెలుసు.

"అవును, గాలే," అన్నాడు ఈనక్.

తరువాతి శనివారం టాబిథా జేబెజ్ పచ్చచొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి పంపింది. ఎవరూ తొడుక్కోలేదు. గోలు కర్రల మధ్య నిలబడడానికి ఎవరికీ కాళ్ళు రాలేదు. క్లబ్బు మళ్ళీ ఆడలేదు. ఆ మైదానంలో ఇప్పుడు బొగ్గు పోస్తున్నారు.

ఈనక్ బూర వాపసు ఇచ్చేసి దీపాల గదిలో పని అడిగి తీసుకున్నాడు. టాబిథా అన్న ఇంటికి వచ్చేసింది. "ఊదీ ఊదీ మా అన్నయ్య పెదాలు చిట్లాయి. ఏం చేస్తాం, గాలి అటు కొట్టింది," అని ఇరుగుపొరుగుకు చెబుతుంది. ఈనక్ అక్కడే ఉంటే తల దించుకుంటాడు.

అతనికిప్పుడు అరవై దాటాయి. మధ్యాహ్నం టాబిథాయే దీపాల గదికి రొట్టె, ఉల్లిపాయ, సీసాలో టీ తెచ్చిపెడుతుంది. అప్పుడే బండి వస్తే, అన్న చెయ్యి దించేదాకా సీసా పట్టుకుని ఆగుతుంది.