తెలుగులో ఆడించిన పిన్ని

మంగళవారం ఉదయం ఆరు గంటలకు మా పిన్ని పెనాంగ్‌లోని జార్జ్ టౌన్ ఆసుపత్రిలో చనిపోయింది. ఆమె కోచ్‌గా ఉన్న కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు లీగ్‌లో ఇంకా ఒక్క మ్యాచ్ మిగిలి ఉంది. అది ఈ శనివారం, ఇపో ఊరి కాలేజీతో. రెండు జట్లూ సమానంగా పైన ఉన్నాయి కాబట్టి ఆ మ్యాచ్ ఎవరు గెలిస్తే లీగ్ వాళ్లది. పిన్ని జట్టు చాలాసార్లు రెండో స్థానం దాకా వచ్చింది. మొదటి స్థానం ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

కబురు చెప్పింది బాబాయి. కౌలాలంపూర్‌లో నేను ఆఫీసుకు బయలుదేరుతుండగా ఫోను మోగింది. "మీ పిన్ని ఎల్లిపోయింది రా," అన్నాడు. తర్వాత ఆయనే అన్నాడు: "శనివారం ఆట ఉంటాదో లేదో కనుక్కో. ఆ పిల్లలు పొద్దుట్నుంచి ఫోన్లు సేస్తన్నారు, నాకేటి సెప్పాలో తెలవట్లేదు."

ఈ లీగ్ గురించి పాఠకులు విని ఉండరు. ఈ దేశంలో ఉత్తరాది రాష్ట్రాల్లోని చిన్న ప్రైవేటు కాలేజీలు కలిసి నడుపుకునే పోటీ ఇది. వాటిలో కొన్ని దుకాణాల పై అంతస్తుల్లో ఉంటాయి, ఆడుకోవడానికి పక్క బడి కోర్టు అద్దెకు తీసుకుంటాయి. టీవీలో రాదు. పేపర్లు రాయవు. నేను ఇన్నేళ్లుగా పనిచేస్తున్న పేపరూ రాయదు. పిన్ని దీనికి నన్నే బాధ్యుణ్ని చేసేది.

"పేపరోడివి, నీవెందుకురా మరి? ఇపోలో ఏటయ్యిందో నాకు తెలీదు, నీకూ తెలీదు. మరెవుడికి తెలుస్తాది?"

తెలుసుకోవడానికి ఆమె దారి ఆమెకుంది. ఇపో జిమ్‌కు ఒక నేపాలీ జాగా ఉన్నాడు. జాగా అంటే ఇక్కడ వాచ్‌మన్. సీజన్ చివరికి వచ్చి పట్టికలో పై జట్లు దగ్గర పడ్డాయంటే, ఇపో మ్యాచ్ రోజున పిన్ని అతనికి ఫోను చేసేది. అతను కిటికీ రెక్క తెరిచి ఫోను లోపలికి చాపి పట్టుకునేవాడు. ఇక్కడ పిన్ని వంటింట్లో ఫోను చెవికి ఆనించుకుని పొయ్యి దగ్గర్నుంచి ఫ్రిజ్ దాకా, ఫ్రిజ్ దగ్గర్నుంచి పొయ్యి దాకా నడిచేది. అవతలి నుంచి వచ్చేది ఒట్టి గోల. ఆ గోలలోంచే ఆమె స్కోరు చెప్పేది.

"ఈ అరుపు సొంత ఊరోళ్లది. ఇపో ఏసేసింది."

"కూకోని ఇనొచ్చు కదా?" అని బాబాయి.

"కూకుంటే ఇనపడదు."

కూర్చోవడం ఆమెకు ఎక్కడా కుదరలేదు. మ్యాచ్ జరిగినంతసేపూ సైడ్‌లైన్ వెంట నడుస్తూనే ఉండేది. గీత దాటితే రిఫరీ హెచ్చరిస్తాడు. ఆమె ఒకడుగు వెనక్కి వేసి నడక సాగించేది. బెంచీ ఎందుకుందని ఒక రిఫరీ ఒకసారి అడిగితే, "నీళ్ల సీసాలకి," అంది. పెళ్లిళ్లలో కూడా నిలబడే భోంచేసేది. ఆమె వడ్డించే మనిషేమో అనుకుని జనం సాంబారు అడిగేవాళ్లు. ఆమె వడ్డించేది కూడా.

పిన్ని వృత్తిరీత్యా బడిలో వ్యాయామం టీచరు. రిటైరయ్యాక ఈ కాలేజీ పిలిచింది. ఆమె జట్టులో ఇప్పుడు మలయ్, చైనీస్, తమిళ అమ్మాయిలు ఉన్నారు. తెలుగమ్మాయి ఒక్కతీ లేదు, ఎప్పుడూ లేదు. అయినా జట్టు ఆడేది తెలుగులో.

కారణం చాలా మామూలుది. గీత పక్కన నిలబడి కోచ్ ఏ ఎత్తు అరిచినా అవతలి జట్టుకీ వినపడుతుంది. మలయ్‌లో అరిస్తే అందరికీ తెలుస్తుంది. ఇంగ్లీషూ అంతే. హొక్కియెన్ అనే చైనీస్ యాస పెనాంగ్‌లో చైనీస్ కాని వాళ్లకు కూడా అర్థమవుతుంది. తమిళం తెలిసిన అమ్మాయి ప్రతి జట్టులో ఒకరో ఇద్దరో ఉంటారు. ఎవరికీ తెలియనిది తెలుగొక్కటే. పిన్నిని చూసినవాళ్లంతా తమిళురాలనుకుని తమిళంలోనే పలకరించేవాళ్లు, ఆమె తమిళంలోనే జవాబిచ్చేది. తిట్టడం తమిళంలో, ఆడించడం తెలుగులో.

మాటలు ఇంట్లోవే. అందరూ వెనక్కి వచ్చి బుట్ట ముందు గోడ కట్టాలంటే "తలుపెయ్యి". కోర్టు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అవతలివాళ్ల మీద పడాలంటే "ఊడ్సు". బంతిని మూలకు పంపాలంటే "మూలకి". ఇంతకుమించి పెద్దగా లేవు. కొత్తగా చేరిన అమ్మాయికి మొదటి వారం బంతి ఇచ్చేది కాదు. ఈ మాటలు నేర్పేది. "కళ్లు ఆట మీద, సెవులు నా మీద," అనేది. కోచ్ వైపు తల తిప్పిన పిల్లకు ఒక రౌండు పరుగు.

ఆ మాటలు కోర్టు దాటి పోయాయి. హాస్టల్లో దోమలు వస్తుంటే అమ్మాయిలు ఒకరిమీద ఒకరు "తలుపెయ్యి" అని అరుచుకుంటారట. కెడా రాష్ట్రం నుంచి వచ్చిన కెప్టెన్ చెప్పింది ఈ సంగతి. ఆమె మలయ్ అమ్మాయి. సెలవులకు ఇంటికి వెళ్లి తమ్ముణ్ని కూడా అలాగే కేకేసిందట. ఏ భాషని వాళ్ల నాన్న అడిగితే, "బాస్కెట్‌బాల్ భాష" అందట.

ఈ పద్ధతి ఇన్నేళ్లుగా పనిచేసింది. ఈ సీజన్‌లో ఒక్కసారి బెడిసింది.

ఇపోతో మొదటి మ్యాచ్ వాళ్ల ఊళ్లో జరిగింది. పిన్ని "మూలకి" అని అరిచేసరికే ఇపో జట్టులో గార్డుగా ఆడే అమ్మాయి మూలలో నిలబడి ఉంది. "ఊడ్సు" అనగానే ఆ అమ్మాయి తన జట్టును చెయ్యూపి చెదరగొట్టి, బంతిని పొడుగ్గా ముందుకు విసిరేసింది. సగం ఆటకల్లా పిన్నికి విషయం అర్థమైందని అసిస్టెంట్ కోచ్ నాకు చెప్పింది. ఆమె పెనాంగ్ చైనీస్, ఒకప్పుడు ఇదే జట్టులో పిన్ని కింద ఆడిన అమ్మాయి. మాటలు మార్చడానికి అప్పటికి వ్యవధి లేదు. ఓడిపోయారు.

ఆట అయిపోగానే పిన్ని సొంత జట్టును వదిలేసి నేరుగా ఆ గార్డు దగ్గరికి నడిచింది. అమ్మాయి నేలమీద కూర్చుని బూట్లు విప్పుతోంది. తిడతారేమోనని లేచి నిలబడింది.

"ఎవులమ్మాయివే నువ్వు?" అని పిన్ని తెలుగులో అడిగింది.

"మా ఊరు హుటాన్ మెలింటాంగ్, ఆంటీ."

"తెలుగొచ్చునా?"

"అర్థమవుద్ది. మాటాడ్డం... సికిత్ సాజా, ఆంటీ." మలయ్‌లో, కొంచెమే అని.

"ఎవులు నేర్పినారు?"

"అమ్మమ్మ. ఆమె వేరేది మాటాడదు లా." ఆ "లా" ఇక్కడ అందరి మాట చివరా తగిలేదే.

పిన్ని ఆ అమ్మాయి భుజం తట్టి వచ్చేసింది. తిరుగు ప్రయాణంలో బస్సులో అందరూ తలలు వాల్చుకుని ఉంటే ఆమె ఒక్కతే సీట్ల మధ్య దారిలో అటూ ఇటూ నడిచింది. ఆ సాయంత్రమే నాకు ఫోను చేసింది. స్కోరు చెప్పలేదు.

"ఒరే, మన పిల్ల రా! ఇరగదీసింది!"

"నువ్వు ఓడిపోయావు, పిన్నీ."

"ఓడిపోయినాను లా. అది వేరే సంగతి."

అసిస్టెంట్ మాత్రం దాన్ని వేరే సంగతి అనుకోలేదు. చివరి మ్యాచ్ మళ్లీ ఇపోతోనే ఉంది. తెలుగు పనికిరాదు, చేతి సైగలకు మారుదాం అంది. పిన్ని ఒప్పుకుంది. వారం తిరగకుండా సైగలు తయారు చేసింది. ప్రాక్టీసులో అవి ఒక్కసారీ పనిచేయలేదు. పిన్ని గీత పక్కన రెండు చేతులూ గాల్లోకి లేపి నిలబడితే, కోర్టు మీద ఒక్క పిల్ల కూడా తల తిప్పదు. తిప్పకూడదని నేర్పింది ఆమే. చెవులు రిక్కించి మాట కోసం ఎదురుచూస్తూ పాత ఎత్తే ఆడేవాళ్లు.

"గోడకైనా అర్తమవుద్ది, మీకు అవదు," అని తమిళంలో తిట్టిందట. మర్నాడు మళ్లీ సైగలే. ఆ మర్నాడూ అవే. మిగతా మ్యాచ్‌లు తెలుగుతోనే గెలుచుకుంటూ వచ్చారు. ప్రతి గెలుపుతో ఇపో మ్యాచ్ దగ్గర పడుతోంది, సైగలు మాత్రం ఒంటపట్టడం లేదు. ఆ రోజుల్లో పిన్ని నాకు చేసిన ఫోన్లన్నీ ఒకే ప్రశ్నతో మొదలయ్యేవి: "ఇపో ఓడిందా?" అప్పటికే వేరే జట్టుతో ఒక మ్యాచ్ ఓడిన ఇపో ఇంకోటి ఓడితే శనివారం మీద ఇంత బరువు ఉండదు. ఇపో ఓడలేదు.

పోయిన వారం ప్రాక్టీసు మధ్యలో ఛాతీలో నొప్పి అంటూ ఆగింది. ఆమె నడక ఆపడం అదే మొదటిసారి చూశామని అమ్మాయిలు చెప్పారు. ఆసుపత్రిలో చేర్చారు. ఆదివారం నేను వెళ్లేసరికి కాళ్లు మంచం మీంచి దించి కూర్చుని ఉంది. కదలొద్దని నర్సు చెప్పినట్టు బాబాయి ఫిర్యాదు చేశాడు. ముందు రోజు ఇపో తైపింగ్ కాలేజీతో ఆడింది. పిన్ని దుప్పటి కప్పుకుని జాగాకు ఫోను చేసి విన్నది.

"గెలిసీసినారు," అంది నాతో. "ఆకర్న ఒకేసారి గోల లేసింది. ఆ పిల్లే ఏసుంటాది."

"సైగలు వస్తున్నాయా వాళ్లకి?"

"రావట్లేదు రా. నాను పాడు సేసినాను ఆళ్లని, మరీ బాగా నేర్పీసినాను."

నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి కిటికీలోంచి చూస్తూ, శనివారానికి డాక్టరు వదుల్తాడా అని బాబాయిని అడిగింది. మాటలు మార్చాలా, ఉంచాలా అన్నది ఆమె తేల్చలేదు. నేను అడగలేదు.

బుధవారం దహనం జరిగింది. జట్టు మొత్తం వచ్చింది. ఇపో కోచ్ వచ్చాడు. హుటాన్ మెలింటాంగ్ అమ్మాయి తన అమ్మమ్మను వెంటబెట్టుకుని బస్సులో వచ్చింది. ముసలామె బాబాయి చెయ్యి పట్టుకుని, "మాటలు సెప్పి ఆడించేదట గదా బాబూ, మా పిల్ల సెప్పింది," అని ఏడ్చింది. ఆమె పిన్నిని ఎన్నడూ చూడలేదు.

తిరిగి వెళ్లేముందు ఆ అమ్మాయి కెప్టెన్ దగ్గరికి వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. మొదట ఇద్దరూ మలయ్‌లోనే మాట్లాడుకున్నారు. సారీ అంది. మంచి ఆంటీ అంది. ఆ తర్వాత చెప్పులు తొడుక్కుంటూ, "శనివారం మాత్రం నేను వింటాను," అంది. దాచి చేయకుండా ముందే చెప్తున్నానన్నట్టుగా అంది.

కెప్టెన్ ఆమె వైపు తిరిగింది. ఎవరు ఎప్పుడు నేర్పారో గానీ, తెలుగులో అంది: "ఇనుకో."

మ్యాచ్ వారం వాయిదా వేయమంటారా అని లీగ్ వాళ్లు ముందే అడిగారు. సోమవారం నుంచి పరీక్షలు, కాబట్టి కుదరదని అసిస్టెంట్ చెప్పేసింది. గురువారం ప్రాక్టీసు పెట్టింది. సైగలతో మొదలుపెడదామంది. కెప్టెన్ అడ్డు చెప్పింది.

"వినుకోమని ఆ అమ్మాయికి చెప్పేశాను."

"చెప్తే? ప్రతి ఎత్తూ ముందే తెలిసిపోతుంది వాళ్లకి."

"తెలియనీ. తెలిశాక ఆపాలి కదా. ఆమె విని, జట్టుకు చెప్పి, వాళ్లు కదిలేలోపు మనం అక్కడుండాలి."

అసిస్టెంట్ ఆలోచించింది. అందులో లెక్క ఉంది. వినగానే కదిలే జట్టు ఒకటి, విని మాట మార్చి చెప్పుకోవాల్సిన జట్టు ఒకటి. మొదటి మ్యాచ్‌లో ఆ తేడా వాడుకునే తీరిక పిన్ని జట్టుకు దొరకలేదు. ఈసారి ముందే తెలుసు. సరే అంది. ఇక ఎవరు అరవాలన్నదే మిగిలింది.

అసిస్టెంటే అరిచింది. మాటలన్నీ ఆమెకు వచ్చు, గొంతు మాత్రం చాలలేదు. అప్పుడే వాన మొదలైంది. ఆ కోర్టుకు జింకు రేకుల కప్పు, పక్కన గోడల్లేవు. "ఊడ్సు" అన్నది సగం దూరంలోనే పోయింది. అమ్మాయిలు ఆగి, మొదటిసారి, తలలు తిప్పి గీత వైపు చూశారు. కొందరి ముఖాలు చూడలేక నేను వాన వైపు తిరిగాను.

రెండోసారి అసిస్టెంట్ అరుస్తుంటే బెంచీ మీద కూర్చున్న తమిళమ్మాయి ఒకతి తనూ అందుకుంది. పక్కనున్న చైనీస్ అమ్మాయి లేచి నిలబడింది. ఆ తర్వాత బెంచీ మొత్తం లేచింది. మొదట ఒకరి తర్వాత ఒకరు అరిచి నవ్వులపాలయ్యారు. ఒకరు "తలుపెయ్యి" అంటే ఇంకొకరు "మూలకి" అన్నారు. కోర్టు మీదివాళ్లు రెండు వైపులా పరిగెత్తి ఒకరినొకరు గుద్దుకున్నారు. అసిస్టెంట్ చెయ్యెత్తి దించితే అప్పుడే అరవాలని కట్టుబాటు చేసుకున్నారు. ఇంకో నాలుగు ప్రయత్నాలకు గొంతులు కలిశాయి. హొక్కియెన్ యాస, మలయ్ యాస, తమిళ యాస కలిసిన తెలుగు వాన మీంచి అవతలి బుట్ట దాకా వెళ్లింది. కోర్టు మీది ఐదుగురూ వెనక్కి చూడకుండా గోడ కట్టేశారు.

ఈ రాత శుక్రవారం ఉదయం పంపుతున్నాను. సాయంత్రం ఐదుకు ఆఖరి ప్రాక్టీసు ఉంది. ఇపో జట్టు బస్సు రేపు ఉదయం తొమ్మిదికి బయలుదేరుతుంది. ఆట సాయంత్రం నాలుగింటికి. మధ్యాహ్నం తర్వాత వాన పడొచ్చని అంటున్నారు. ఆడే ఐదుగురినీ అసిస్టెంట్ మూడున్నరకు రమ్మంది. బెంచీ మీదివాళ్లను మాత్రం మూడింటికే రమ్మంది, గొంతులు సరిచేసుకోవడానికి.