మూడో బెజ్జం

నరసరావుపేటలో తోలు బెల్టులు కుట్టే నా కొట్టుకి పెళ్ళి బ్యాండు మాస్టరు ఒక ఫొటో పట్టుకొచ్చాడు. అందులో స్కాట్లాండ్ వాళ్ళు గళ్ళ లంగాలు కట్టి, ముందు బొచ్చు సంచి వేలాడదీసుకుని వాయిస్తున్నారు. తన పదహారు మందికీ అదే డ్రెస్సట. లంగాలు, సంచులు వచ్చేశాయి, సంచిని నడుముకి కట్టే పట్టీ ఒక్కటే మిగిలింది.

"గొలుసు పెట్టు భాయ్, తళతళలాడాల," అన్నాడు.

"మన ఎండకి గొలుసు కాలి నడుముకి వాతలు తేలతయ్ మాస్టారూ," అన్నాను.

వెనక తోలు, ముందు సంచికి అటూ ఇటూ మాత్రం జానెడు గొలుసు. ఆ ఆలోచన నాది. మూడు రోజులు కూర్చుని శాంపిల్ కుట్టాను. అతని నడుముకే చుట్టి బెజ్జాలకు గుర్తులు పెడుతుంటే ఫోనొచ్చి పక్కకి తిరిగాడు. మూడో గుర్తు వరస తప్పింది. చూసుకోకుండా కొట్టేశాను.

"మిగతావాటికి ఈ తప్పు రానియ్యను," అన్నాను సిగ్గుపడి.

"ఏం కాదులే భాయ్, ఇది నేనే కట్టుకుంటా. మిగతా అన్నీ నువ్వే కుట్టాల," అని శాంపిల్ తీసుకెళ్ళాడు. నేను తోలు తెప్పించుకుని ఎదురుచూశాను.

నెల తర్వాత ఒక పెళ్ళి ఊరేగింపు నా కొట్టు ముందు నుంచే వెళ్ళింది. అందరి నడుములకీ తోలు పట్టీ, జానెడు గొలుసు. సిగ్గులేని మనిషి, మాస్టరు నన్ను చూసి చెయ్యి కూడా ఊపాడు. వాళ్ళు దాటిపోయాక వెనక నుంచి చూశాను. ఎవడో మిషను మీద నీటుగా కుట్టాడు. పదహారు పట్టీలకీ మూడో బెజ్జం వరస తప్పే ఉంది.