చెప్పులు చూసే మనిషి

శ్రీకాకుళంలో నేను బిల్లులు రాసే బట్టల కొట్లో ఒక పెద్ద సేల్స్‌మన్ ఉన్నాడు. నేను మావా అని పిలుస్తాను. చీరల పరుపు మీద కూర్చున్నాడంటే రాజ్యం అతనిదే. చేతులు మంచివి. పట్టుచీరని ఒక్క విసురుతో విప్పితే అంచు వచ్చి కొనేవాళ్ల ఒళ్లోనే పడుతుంది. నోరే మంచిది కాదు. మనిషి ఇంకా సరిగ్గా కూర్చోకముందే, "మీకు కావాల్సినవి ఇక్కడ నేవమ్మా, అటెల్లండి" అని నూలు చీరల వైపు చెయ్యి చూపించేసేవాడు.

ఎండాకాలం పెళ్లిళ్లు మొదలయ్యాక, ఒక పెళ్లికూతురి తల్లి ఆ మాటకి ఏడ్చుకుంటూ మెట్లు దిగిపోయింది. షావుకారికి ఒళ్లు మండిపోయింది. "ఇంకొక్క మనిషి ఇలా దిగిందంటే నువ్వూ దిగిపోడమే" అని అందరి ముందూ అనేశారు. ఆ వయసులో మావని ఇంకో కొట్టువాళ్లు తీసుకోరు. అతనికి వేరే పనీ రాదు.

అప్పుడు షావుకారి కోడలు అడ్డుపడింది. పెళ్లికి ముందు విశాఖపట్నంలో ఏదో కంపెనీలో ఉద్యోగులకి శిక్షణ ఇచ్చేదట. "కొన్నాళ్లు ఈయన్ని నాకు వదిలేయండి మావయ్యా" అంది. నాకు నవ్వొచ్చింది. యాభై దాటిన మగాడు మారడం నేనెక్కడా చూడలేదు. మా ఇంట్లోనే ఒకాయన ఉన్నాడు, పెళ్లయిన నాటి నుంచీ తడి తువ్వాలు మంచం మీదే పడేస్తాడు.

ఆవిడ పాఠాలు చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. మధ్యాహ్నాలు బేరాల్లేనప్పుడు వచ్చి పరుపు చివర కూర్చునేది. ఒకరోజు, "బాబాయ్ గారూ, మనిషి మెట్లెక్కగానే మీరు మొదట ఏం చూస్తారు?" అని అడిగింది.

"ఏటి సూస్తానమ్మా, మొకమే సూస్తాను."

"రేపంతా మీరే గమనించుకుని చెప్పండి."

మర్నాటి సాయంత్రానికి మావ ముఖం పాలిపోయి ఉంది. "సెప్పులు సూస్తన్నానమ్మా. పరుపెక్కే ముందు ఇప్పుతారు కదా, అవి సూసీసి ఏ సీర తియ్యాలో అనుకుంటన్నాను. ఇన్నాల్లూ నాకే తెలీదు." బిల్లు రాస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. ఎవరూ తిట్టకుండా, ఎవరూ వేలెత్తి చూపకుండా, ఒక మనిషి తన తప్పుని తనే పట్టుకోవడం నేను చూసింది అదే మొదటిసారి.

"మరి ఏం చేద్దామంటారు?" అందావిడ. అదీ అతనికే వదిలేసింది. మావ చాలాసేపు పరుపు మీది దుప్పటి సర్దాడు. చివరికి, "అడుగెట్టగానే నేనే లేసి మంచినీల్లిస్తాను. గ్లాసు అందిస్తన్నప్పుడు మొకం సూడక ఏటి సేస్తాను?" అన్నాడు.

అంత సులువుగా ఏం జరగలేదు. లేవడం మరిచిపోయేవాడు. రద్దీలో పాత మాట నోటిదాకా వచ్చి, ఒక్కోసారి దాటేసేది కూడా. ఆ పూటల్లో షావుకారు కొట్లో లేకపోవడం అతని అదృష్టం. ఆవిడ మాత్రం సాయంత్రం "ఇవాళ ఎలా గడిచింది?" అని అడిగి, విని ఊరుకునేది. నేనైతే దులిపేసేదాన్ని.

ఒక మండుటెండ మధ్యాహ్నం కళింగపట్నం నుంచి తల్లీకూతుళ్లు వచ్చారు. తల్లి చెప్పు తెగితే పిన్నీసు పెట్టుకుంది. షావుకారు గల్లాపెట్టె దగ్గరే ఉన్నారు. మావ చూపు కిందికి జారడం నాకు కనిపించింది. ఇతని పని అయిపోయిందనుకున్నాను. మావ ఒకసారి కళ్లు మూసుకుని తెరిచాడు. లేచాడు. వెళ్లి గ్లాసు అందించాడు.

"ఏటమ్మా, అంత ఆయాసపడతన్నావు? ముందు కూకో. సీరలెక్కడికీ పోవు."

కూతురు పెళ్లిచీరలు చూపించమంది. ఒక్కొక్క పట్టుచీరా విప్పి, ఆ పిల్ల భుజం మీద వేసి, అద్దంలో చూసుకోమన్నాడు. ధర విని తల్లి తల దించుకుంటే, "ఇయాలే కొనక్కర్లేదమ్మా. ఇంటికాడ మాటాడుకుని రండి" అన్నాడు. వాళ్లేమీ కొనలేదు. నవ్వుకుంటూ మెట్లు దిగారు. పరుపంతా చీరల గుట్ట.

మొదటిసారి సముద్రం చూసినప్పుడు కూడా నేనంత విస్తుపోలేదు.

షావుకారు లేచి వచ్చారు. బేరం పోయిందంటారేమో అనుకున్నాను. "మారిపోయావురా" అన్నారు.

మావ చీర మడతపెడుతూ తల అడ్డంగా ఊపాడు. "నేదు బాబూ. సానాసార్లు ఓడిపోతన్నాను. ఇయాల నెగ్గేను, అంతే."

షావుకారు పరుపెక్కి, చీర రెండో కొస పట్టుకుని అతనితోపాటు మడతపెట్టారు.

"రేపు పెందలాడే రా" అన్నారు. "కొత్త సరుకు దిగుతాది. నువ్వే సర్దాల."