తుమ్ముకి పది నిమిషాలు

మొన్న బుధవారం అనూష సూట్‌కేసుకు తాళం వెతుకుతూ, నా ట్రంకుపెట్టె అడుగున ఉన్న చిన్న తగరపు డబ్బీ తెరిచింది. పొడి ఎప్పుడో అయిపోయినా నశ్యం ఘాటు మాత్రం ఇంకా మిగిలే ఉంది. అనూష మా తమ్ముడి మనవరాలు, నర్సు. ఏడాది పాటు జీతం లేకుండా టాంజానియా పల్లెల్లో బాలింతలకు సాయం చేయడానికి వెళుతోంది.

"ఏటిది మామ్మా, ఇంత ఘాటు?" అంది.

"మా తాతది" అన్నాను. మిగతాది చెప్పలేదు.

ఆ డబ్బీ తాత జేబులో ఉన్న రోజుల్లో మేము ఏడుగురం పూరీ గేట్ అనే రైలుగేటు అవతల రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. పిల్లలం కార్ఖానా సైరన్‌కి లేచి, పట్టాల పక్క కంకరలో చేతికి గుచ్చుకోని రాళ్లు ఏరుకొని గచ్చకాయలు ఆడేవాళ్లం. చలికాలం వస్తే తాత గోల్‌బజార్ నుంచి తెచ్చిన ఖర్జూర బెల్లంతో నానమ్మ అరిసెలు వండుతూ, శ్రీకాకుళం అరిసె ఇంత నల్లగా ఉండదని ఏటా సణుగుతుంటే, ఆ పాకం వాసనకు పొయ్యి చుట్టూ మూగేవాళ్లం. నాకు తల దువ్వి, పంతొమ్మిదో ఎక్కం దాకా నేర్పి, పక్కలో పడుకోబెట్టుకున్నది మేనత్త సుభద్ర. ఆమె కూడా నర్సే. ఆ చలికాలమే ఒక సేవాసంస్థ ఆమెను రెండేళ్ల పనికి ఎంచుకుంది. ఇప్పుడు అనూష వెళుతున్న దేశమే, అదే పని.

"జీతం నేకుండా సముద్రం దాటతాదంట, దీనికేటైనా పిచ్చా?" అని పక్క క్వార్టరావిడ నవ్వింది.

"పిచ్చే వదినా. నీకూ అంటుకుంటాది, దూరంగుండు" అంది అత్త.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. బయలుదేరేవేళ ఎవరైనా తుమ్మితే, వెళ్లేవాళ్లు వెనక్కి వచ్చి కూర్చొని, గ్లాసుడు నీళ్లు తాగి, పది నిమిషాలయ్యాకే గడప దాటాలి. బండ్లను నిమిషం తేడా లేకుండా పంపే తాత కూడా దీనికి లొంగేవాడు.

అప్పటికి నాకు తొమ్మిదేళ్ల నాలుగు నెలలు. బొంబాయి బండి మధ్యాహ్నం రెండుంపావుకి. అత్త ఒంటిగంట నలభైకి చెప్పులు వేసుకుంది. అత్త లేని రెండేళ్లంటే ఏడువందల ముప్పై రోజులని ముందే గుణించి పెట్టుకున్న నేను, తలుపు వెనక తాత డబ్బీలోంచి చిటికెడు నశ్యం తీసి పీల్చాను. మూడు తుమ్ములు వచ్చాయి.

"కూకోయే పిల్లా! పది నిమిసాలాగితే బండేటి పారిపోద్దా?" అంది నానమ్మ.

అత్త కూర్చుంది. నన్ను దగ్గరకు తీసుకొని, తన తెల్ల రుమాలుతో నా ముక్కు తుడిచింది. రుమాలు మీద గోధుమరంగు పొడి అంటింది. దాన్ని చూసింది, నన్ను చూసింది. ఆ దొంగతుమ్ము సంగతి చెబితే నానమ్మ అప్పుడే లేపి పంపేది; తాత నా వీపు చీరేసేవాడు. అత్త రుమాలు నాలుగు మడతలు పెట్టి, గుప్పిట్లో దాచుకొని, నీళ్లు తాగింది.

మేము చేరేసరికి పూరీ గేట్ పడింది. రిక్షా తొక్కే అతను ఎక్కేటప్పటి నుంచీ "జల్దీ, దీదీ" అంటూనే ఉన్నాడు. గూడ్సు బండి దాటడానికి పదకొండు నిమిషాలు పట్టింది. మళ్లీ కదిలేలోపే అవతల బొంబాయి బండి బయలుదేరిన కూత విన్నాం. మర్నాటి బండికి వెళ్లినా అందకుండా, బొంబాయిలో ఆమె ఎక్కాల్సిన ఓడ వెళ్లిపోయింది. ఆమె స్థానం మరొకరికి ఇచ్చామని ఉత్తరం వచ్చింది.

"దేవుడే ఆపినాడు" అంది నానమ్మ. అందరూ నమ్మారు.

ఆ తర్వాత అత్త ముప్పై ఒక్క ఏళ్లు బతికింది. నాకు తల దువ్వింది, నా ఇద్దరు పిల్లల పురుళ్లకూ పక్కన నిలబడింది. ఒక్కసారీ ఆ మాట ఎత్తలేదు. నేను ఎత్తడానికి ముప్పై ఒక్క ఏళ్లు చాలలేదు.

నిన్న ఉదయం అనూష గడపలో తుమ్మింది. ఎవరూ ఆగలేదు. అందరిలోకీ నేనే, అలవాటు కొద్దీ కుర్చీ వైపు చూసి, "పద పద" అన్నాను. గేటు ఉన్నచోట ఇప్పుడు పైవంతెన ఉంది. కారు ఒక్క నిమిషంలో దాటేసింది. ఆ క్వార్టర్ లేదు, రిక్షా లేదు, తుమ్ముకి ఆగే మనిషీ లేదు. స్టేషన్లో బండికి ఇంకా నలభై నిమిషాలు మిగిలాయి. అనూష పక్కన బెంచీ మీద కూర్చొని, నా రుమాలు నాలుగు మడతలు పెట్టి, అప్పుడు ఆ డబ్బీ గురించి మిగతాది చెప్పడం మొదలుపెట్టాను.