పసుపు ఆరకముందే సర్వర్ మరమ్మత్తు

2014 ఎండకాలం. ఎల్లారెడ్డిల మా ఇంట్ల నాకు పసుపు పెట్టిన పొద్దుననే హైదరాబాద్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఒక చిన్న కంపెనీల నేను సర్వర్లు చూసుకునేదాన్ని. ఎన్నో వెబ్‌సైట్లు వాడే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీల పెద్ద లోపం బయటపడ్డదట. మా సర్వర్లల గూడ అదే ఉన్నది. నా బదులు చూసే అతను జ్వరంతోటి పడుకున్నడు.

ఇంట్ల డేటాకార్డుకు సిగ్నల్ లేదు. కామారెడ్డి నెట్ సెంటర్‌కు పోక తప్పదు. పసుపు పెట్టిన పిల్ల గడప దాటొద్దని అమ్మ పట్టుబట్టింది. అవ్వ, అంటే మా నాయనమ్మ, తోడు నేనుంటనని చెప్పులేసుకున్నది.

బస్సుల అందరూ నా మొఖం చూసి పెండ్లి ఎక్కడని అడిగిన్రు. అడిగినోళ్లందరినీ అవ్వ రేపు భోజనానికి పిలిచింది.

సెంటర్‌ల వాళ్ల నెట్ వైరు నా లాప్‌టాప్‌కు పెట్టుకొని పని మొదలుపెట్టిన. పక్కన కూసున్న అవ్వ ఏం చెడిపోయిందో చెప్పమన్నది. ఒక కంప్యూటర్ చిన్న మాట పంపి, అది పెద్ద మాటని అబద్ధం చెప్తే, సర్వర్ సరిచూడకుంట తన మెమరీల పక్కనున్న పాస్‌వర్డ్‌లు గూడ కలిపి తిరిగి పంపుతదని చెప్పిన. మన ఇంటి మాటల్ల చెప్పమన్నది అవ్వ.

"పక్కింటామె గిద్దెడు చక్కెర ఇచ్చి, సోలెడు ఇచ్చిన, వాపస్ ఇయ్యి అన్నదనుకో. మనం డబ్బాల దాచిన ఉంగరంతో సహా ఆమె గిన్నెల పోసినట్టు."

"కొలువకుంట పోసుడేంది?"

"గదే లోపం అవ్వా."

సెంటరాయన తిరిగి చూసేటట్టు నవ్వింది అవ్వ.

కొత్త వర్షన్ ఎక్కించి, ఎన్‌క్రిప్షన్ తాళాలు మార్చి, పరీక్ష చేసి చూస్తే లోపం పోయింది. కీబోర్డంత పసుపైంది. బస్టాండ్ల ఇద్దరం మిర్చీలు తింటుంటె పెండ్లికొడుకు ఫోన్ చేసిండు. వాళ్లది నాగిరెడ్డిపేట. పెండ్లిపిల్ల కామారెడ్డి బస్సెక్కిందని ఎవరో చెప్పిన్రట. అంతా మంచిదేనా అని భయంభయంగ అడిగిండు. అవ్వ ఫోన్ గుంజుకున్నది.

"ఏం కాలేదు బిడ్డా. తాళాలు మార్చనీకి వచ్చినం. నీ పాస్‌వర్డ్ గూడ మార్చుకో. నాకైతే లేదు."

అతను ఒక్కసారిగ నవ్విండు. సంబంధం కుదిరినంక మేం మాట్లాడిందంత తిన్నవా, బాగున్నవా అనే. ఆ నవ్వు నేను వినుడు అదే మొదలు. బస్సెక్కినంక ఫోన్లనే లోపమేందో అతనికి గూడ మెల్లగ చెప్పిన. ఎల్లారెడ్డి వచ్చేదాక ఇంకా ఏదో అడుగుతనే ఉన్నడు.