మంట లేని మందు

మా ఊరు తరిగొప్పులల ఎవరికి కన్ను ఎర్రబడ్డా బాలనర్సయ్య తాతనే ఆకుపసరు పోస్తడు. మండుతుందని మొత్తుకుంటే, "మంట లేనిది మందెట్లయితదే?" అని గద్దిస్తడు. నా ఎడమ కన్ను గట్లనే పోయింది.

పోయినేడు ఆయనకే చూపు మసకబారింది. పసరు పోసుకున్నడా? సప్పుడుజేయక పట్నం దవాఖానకు పోయిండు గా పెద్దమనిషి. కంటికి ఆనని రేణువులల్ల మందు నింపి, సూదితోని కంట్లకు ఎక్కించిండ్రట. అది ఆరు నెలలు కొద్దికొద్దిగ ఊరుతదట. మంట గూడ లేదట. పత్తి ఏరుకుంట ఆయన కోడలు కళ్యాణే నాకు చెప్పింది.

నిన్న వాళ్లింటి ముందు మళ్ల పసరుకు లైను కట్టిండ్రు. మునుపు ఆయనకు చూపు ఆనక సగం పసరు మంది చెంపల మీదనే పడేది. ఇప్పుడు చూపు మంచిగొచ్చింది. ఒక్క సుక్క పక్కకు పోతలేదు.